నలుగురితో నారాయణా: సర్వర్లు వేలల్లో ఉన్నా అందరూ ఒకే గుమ్మం ముందు ఎందుకు?

2019 నవంబరు మొదటివారంలో మన దేశంలో ట్విట్టర్ వాడేవాళ్ళు కొంతమంది ఉన్నట్టుండి మూటాముల్లే సర్దుకున్నారు. సుప్రీంకోర్టు సీనియర్ న్యాయవాది సంజయ్ హెగ్డే ఖాతాను ట్విట్టర్ నిలిపేయడం అందుకు వెంటనే కనబడిన కారణం. నాజీల కాలంలో చుట్టూ ఉన్నవాళ్ళంతా చేయెత్తి వందనం చేస్తుంటే ఒక్కడు మాత్రం చేతులు కట్టుకుని నిలబడ్డ పాత ఫోటో ఒకటుంది. దాన్ని ఆయన తన పేజీలో పెట్టుకున్నారు. ద్వేషాన్ని ఎదిరించిన బొమ్మనే ద్వేషపు బొమ్మగా లెక్కగట్టారు. “మన నోరు ఒక కంపెనీ చేతిలో ఉండటమేంటి?” అని కోపం వచ్చినవాళ్ళు మాస్టడాన్ వైపు నడిచారు.

మాస్టడాన్ ఒక కంపెనీది కాదు. యూగెన్ రోచ్కో అనే జర్మనీ కుర్రాడు 2016లో విడుదల చేసిన ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేర్ అది. ఎవరైనా దాన్ని తమ సర్వర్‌లో పెట్టుకుని నడపొచ్చు. ఈమెయిల్ లాగే ఒక సర్వర్‌లో ఉన్నవాళ్ళు ఇంకో సర్వర్‌లో ఉన్నవాళ్ళని ఫాలో అవ్వొచ్చు, జవాబివ్వొచ్చు. ఈ సర్వర్లు మాట్లాడుకునే భాష పేరు యాక్టివిటీపబ్. 2018 జనవరిలో డబ్ల్యూ3సీ దాన్ని అధికారిక ప్రమాణంగా ప్రకటించింది. ఇలా కలిసి ఉన్న సర్వర్లన్నిటినీ కలిపి ఫెడివర్స్ అంటున్నారు.

మరి మనవాళ్ళు వెళ్ళి ఎక్కడ దిగారు? వేలకొద్దీ సర్వర్లు ఉండగా, ఎక్కువగా తలుపు తట్టింది ఒక్కదాన్నే: అప్పట్లో రోచ్కో స్వయంగా నడిపిన మాస్టడాన్ డాట్ సోషల్. ఒక యజమాని మీద అలిగి వచ్చినవాళ్ళు నేరుగా ఇంకో యజమాని ఇంట్లో దిగారన్నమాట. ఈ యజమాని మంచివాడే కావచ్చు. కానీ వచ్చిన పని అది కాదు కదా!

మూడేళ్ళ తర్వాత ఇదే కథ పెద్ద ఎత్తున జరిగింది. 2022 అక్టోబరు చివర ఈలాన్ మస్క్ ట్విట్టర్‌ని కొన్నాక, నెలకి సుమారు 3 లక్షలుగా ఉన్న మాస్టడాన్ క్రియాశీల వాడుకరులు నవంబరుకల్లా 25 లక్షలకు చేరారని రోచ్కోనే రాశాడు. అప్పుడు ట్విట్టర్ నుంచి మాస్టడాన్‌కి వెళ్ళిన 1,36,009 మందిని వెంటాడి కొలిచిన ఒక పరిశోధన ఉంది. వాళ్ళలో దాదాపు 96 శాతం మంది పెద్ద సర్వర్లలో మొదటి పాతిక శాతంలోనే చేరారని తేలింది. మిగతా ముప్పాతిక సర్వర్లు నూటికి నలుగురిని పంచుకున్నాయి.

దీన్ని చూసి చాలామంది చెప్పే మాట ఒకటే: “జనం బద్ధకస్తులు. స్వేచ్ఛ ఇచ్చినా వాడుకోరు.” ఈ మాటతో నాకు పేచీ ఉంది. లోపల నెట్‌వర్క్ ఎలా పనిచేస్తుందో చూస్తే, పెద్ద సర్వర్‌కి వెళ్ళడం బద్ధకం కాదు, కొత్తగా వచ్చినవాడికి లెక్క ప్రకారం సరైన పనే అనిపిస్తుంది. తప్పు మనుషుల్లో కంటే ఆ లెక్కలో ఎక్కువుంది.

నీ కిటికీలోంచి ఎంత కనబడుతుంది?

“ఏ సర్వర్‌లో చేరినా ఒకటే, అందరితోనూ మాట్లాడొచ్చు” అని కొత్తవాళ్ళకి చెబుతుంటారు. సగమే నిజం. మాట్లాడొచ్చు, నిజమే. కానీ ఎవరున్నారో ముందు కనబడాలి కదా.

ఫెడివర్స్‌లో ప్రతి పోస్టూ ప్రతి సర్వర్‌కీ వెళ్ళదు. అలా వెళ్తే చిన్న సర్వర్లు ఒక్కరోజులో కుప్పకూలుతాయి. స్థూలంగా పద్ధతి ఇది: ఒక రచయితని మీ సర్వర్‌లో కనీసం ఒక్కరు ఫాలో అవుతుంటేనే ఆ రచయిత పోస్టులు మీ సర్వర్‌కి వస్తాయి. ఎవరూ ఫాలో అవ్వకపోతే, మీ సర్వర్ వరకూ ఆ మనిషి పుట్టనట్టే. హ్యాష్‌ట్యాగ్ నొక్కితే వచ్చేది లోకంలో ఉన్న పోస్టులన్నీ కావు, మీ సర్వర్‌కి చేరినవి మాత్రమే.

మనం ఇంజనీరింగ్ పిల్లలం కాబట్టి లెక్క వేసేద్దాం. నెట్‌వర్క్ మొత్తంలో 10 లక్షల మంది ఉన్నారనుకోండి. పెద్ద సర్వర్‌లో అందులో పావు వంతు, అంటే రెండున్నర లక్షలు. చిన్న సర్వర్‌లో 100 మంది. ఎక్కడో ఇంకో సర్వర్‌లో ఒక కొత్త కవి ఉన్నాడు, ఫాలోవర్లు అయిదుగురే. ఆ అయిదుగురూ నెట్‌వర్క్ అంతటా యాదృచ్ఛికంగా చెదిరి ఉన్నారనుకుందాం. వాళ్ళలో ఒక్కరైనా పెద్ద సర్వర్‌లో ఉండే సంభావ్యత ఎంత? ఒక్కొక్కరూ అక్కడ లేకపోయే అవకాశం 0.75. దాన్ని అయిదుసార్లు గుణిస్తే సుమారు 0.24. 1లోంచి తీసేస్తే 0.76. అంటే ఆ అనామక కవి పద్యం పెద్ద సర్వర్‌లో కనబడే అవకాశం నూటికి 76 పాళ్ళు. చిన్న సర్వర్‌లో ఇదే లెక్క వేస్తే వచ్చేది 0.0005. రెండువేలల్లో ఒకటి. కవికి యాభైమంది ఫాలోవర్లున్నా చిన్న సర్వర్‌లో అది రెండొందల్లో ఒకటే. పెద్ద సర్వర్‌లో దాదాపు ఖాయం.

నిజజీవితంలో ఫాలోవర్లు యాదృచ్ఛికంగా చెదిరి ఉండరు. సాహిత్యం ఇష్టమైనవాళ్ళు ఒకచోట చేరితే వాళ్ళు ఫాలో అయ్యేదీ సాహిత్యం వాళ్ళనే కాబట్టి, ఆ విషయంలో చిన్న సర్వర్ కిటికీ కూడా పెద్దదవుతుంది. అయినా ఈ లెక్క అసలు తేడాని చూపిస్తుంది. ఇద్దరూ ఒకే నెట్‌వర్క్‌లో ఉన్నారు, ఇద్దరికీ ఒకే హక్కులున్నాయి, కానీ ఒకడు నడిబజారులో నిలబడ్డాడు, ఇంకొకడు ఊరి చివర.

సంభాషణల సంగతి ఇంకా చిత్రం. ఒక పోస్టుకి ముప్పై జవాబులొచ్చాయనుకోండి, చిన్న సర్వర్‌లో ఉన్నవాడికి అందులో నాలుగే కనబడొచ్చు. మిగతా ఇరవయ్యారూ రాసినవాళ్ళని అక్కడెవరూ ఫాలో అవ్వట్లేదు మరి. దాంతో వాడు అప్పటికే పదిమంది చెప్పేసిన జవాబే మళ్ళీ చెబుతాడు, అవతలివాళ్ళు విసుక్కుంటారు. మిగిలిన జవాబులని వెతికి తెచ్చే ఏర్పాటు మాస్టడాన్ ఈమధ్య వెర్షన్లలోనే చేర్చింది. ఇన్నేళ్ళూ ఆ లోటు పడింది చిన్న సర్వర్ వాళ్ళే.

ఖర్చులోనూ ఇదే తంతు. లక్షమంది ఉన్న సర్వర్‌లో పదివేలమంది ఒకే రచయితని ఫాలో అయితే, ఆ పోస్టూ బొమ్మా ఆ సర్వర్‌కి ఒక్కసారి వస్తే చాలు, అందరికీ అదే చూపిస్తుంది. అదే అయిదుగురున్న సర్వర్‌లో ఆ అయిదుగురూ తలో అయిదొందలమందిని ఫాలో అయితే, అందరి పోస్టులూ బొమ్మలూ ఆ అయిదుగురి కోసమే తెచ్చి దాచాలి. తలసరి ఖర్చు చూస్తే చిన్న సర్వర్‌లో బతుకు ఖరీదు. హోల్‌సేల్‌కీ చిల్లరకీ ఉన్న తేడా అనుకోండి.

రెండు టిఫిన్ బండ్లు

సరే, ఈ లోపలి సంగతులు మొదటిరోజు చేరేవాడికి తెలియవు. మరి వాడు ముందే పెద్ద సర్వర్‌ని ఎలా పట్టుకుంటాడు?

ఇక్కడ అభిజిత్ బెనర్జీ పనికొస్తాడు. 2019లో ఆర్థికశాస్త్రంలో నోబెల్ అందుకున్న ఆయనే. 1992లో మంద ప్రవర్తన మీద ఆయన రాసిన పేపర్‌లో రెండు హోటళ్ళ ఉదాహరణ ఉంది. దాన్ని మన కాలేజీ గేటు ముందుకి తెచ్చుకుందాం. పక్కపక్కనే రెండు టిఫిన్ బండ్లు. మొదటిది కాస్త బాగుంటుందని ఊళ్ళో ఒక చిన్న మాట ఉంది, అంతే. వందమందిలో 99 మందికి రెండో బండిలోనే దోసె బాగుంటుందని విడివిడిగా సమాచారం ఉంది. ఒక్కడికి మాత్రం మొదటిదే బాగుంటుందని తెలిసింది. ఖర్మకాలి ఆ ఒక్కడే పొద్దున్నే ముందు వచ్చి మొదటి బండి దగ్గర నిలబడ్డాడు. రెండోవాడు వచ్చి చూస్తాడు: “నాకు తెలిసింది వేరే. కానీ వీడికి ఏదో తెలిసే ఇక్కడ నిలబడ్డాడు.” వాడి సమాచారం, వీడి సమాచారం చెల్లుకు చెల్లు. మిగిలేది ఊళ్ళో ఉన్న ఆ చిన్న మాట. వీడూ మొదటి బండికే వెళ్తాడు. మూడోవాడికి ఇద్దరు కనబడతారు. ఇక చెప్పక్కర్లేదు, వందమందీ అక్కడే. రెండోవాడి దోసె చల్లారిపోయింది.

ఇందులో తెలివితక్కువవాడు ఎవరైనా ఉన్నారా? లేరు. ప్రతివాడూ తనకున్న సమాచారంతో సబబుగానే ఆలోచించాడు. నలుగురితో నారాయణా అనడం మూర్ఖత్వం అనుకుంటాం గానీ, ఏమీ తెలియనిచోట నలుగురు నిలబడ్డ వైపు నడవడమే చవకైన పరిశోధన.

మాస్టడాన్‌లో చేరేవాడి పరిస్థితి అదే. ముందు ఒక జాబితా కనబడుతుంది. పేర్లు తప్ప ఏమీ తెలియవు. అడ్మిన్ ఎవరు? వచ్చే ఏడాది ఉంటాడా? అసభ్యంగా ఎవరైనా మీద పడితే పట్టించుకుంటాడా? ఇవేవీ బయట నుంచి కనబడవు. కనబడేది ఒక్కటే, ఎంతమంది ఉన్నారన్న అంకె. చాలామంది అక్కడే తడబడి వెనక్కి పోతున్నారని గమనించి, 2023 మే నెలలో మాస్టడాన్ వాళ్ళే తమ యాప్‌లో మాస్టడాన్ డాట్ సోషల్‌ని డిఫాల్ట్‌గా ముందు పెట్టారు. వేరేది ఎంచుకునే దారి ఉంచారు గానీ పెద్ద బటన్ మాత్రం దానిదే. వికేంద్రీకరణ కోసం పుట్టిన సంస్థే కేంద్రానికి బాణం గుర్తు వేసిందని అప్పట్లో గొడవ జరిగింది. నాకు ఇద్దరి బాధా అర్థమవుతుంది. గుమ్మంలోనే బెదిరి వెళ్ళిపోయినవాడికి వికేంద్రీకరణ వల్ల ఒరిగేది ఏముంది? అలాగని ఒకసారి బాణం గుర్తు వేశాక ప్రవాహం ఎటు పోతుందో కూడా తెలిసిందే.

ఆ తర్వాత పని గణితం చూసుకుంటుంది. సంచిలో ఒక ఎర్ర పూస, ఒక నీలం పూస వేయండి. చూడకుండా ఒకటి తీయండి. ఏ రంగు వస్తే దాంతోపాటు అదే రంగుది ఇంకొకటి సంచిలో వేయండి. ఇలా వెయ్యిసార్లు చేయండి. పైథాన్‌లో పది లైన్ల ప్రోగ్రాం, కావాలంటే ఇవాళ రాత్రే రాసి చూడండి. చివరికి సగం సగం వస్తాయనుకుంటాం. రావు. ఒకసారి ఎరుపు 80 శాతం దగ్గర స్థిరపడుతుంది, ఇంకోసారి 30 దగ్గర, మరోసారి 55 దగ్గర. ఏ నిష్పత్తికైనా సమానమైన అవకాశమే. మొదటి పది ఇరవై తీతల్లో ఏం జరిగిందో అదే దాదాపు చివరిదాకా నిలుస్తుంది. పోల్యా సంచి అంటారు దీన్ని. వెయ్యో మనిషి చేరేసరికి రంగు మార్చడం ఎవరి వల్లా కాదు. నెట్‌వర్కులు పెరిగేటప్పుడు ఇలా ఉన్నవాడికే మరింత చేరడం గురించి బరబాసీ, ఆల్బర్ట్ 1999లో రాసిన పేపర్ మనలో కొంతమందికి ఎలక్టివ్‌లో వచ్చే ఉంటుంది.

పోల్యా సంచికి నిజమైన ఉదాహరణ జపాన్‌లో ఉంది. 2017 ఏప్రిల్‌లో అక్కడి పీజీ విద్యార్థి ఒకడు ఇంట్లోనే ఒక మాస్టడాన్ సర్వర్ మొదలుపెట్టాడు. ప్రకటనల్లేవు, పెట్టుబడి లేదు. సరిగ్గా అప్పుడే జపాన్‌లో మాస్టడాన్ గురించి మాట మొదలైంది, జపాన్ పేరుతో కళ్ళముందు కనబడింది అది. కొద్దిరోజుల్లోనే ప్రపంచంలోని అతిపెద్ద మాస్టడాన్ సర్వర్లలో ఒకటైపోయింది. ముందు వచ్చిన పూస, అంతే.

చిన్న ఇంటి భయాలు

ఇప్పటిదాకా చెప్పింది ఆకర్షణ గురించి. భయం కూడా ఉంది, అది ఉత్త భయం కాదు.

మాస్టడాన్ డాట్ టెక్నాలజీ అనే సర్వర్ 2022 చివర మూతపడింది. అడ్మిన్‌కి కుటుంబంలో కష్టాలొచ్చాయి, ఇక నడపలేనన్నాడు. మనుషులన్నాక అంతే కదా. 2023లో మాస్టడాన్ డాట్ లోల్ అనే సర్వర్ అడ్మిన్ తన మీద వచ్చిన వేధింపులు భరించలేక మూడునెలల గడువిచ్చి మూసేశాడు. అందులో దాదాపు 12 వేలమంది ఉన్నారు. ఇక క్వీర్ డాట్ ఏఎఫ్ అనే సర్వర్ కథ వింటే నవ్వాలో ఏడవాలో తెలియదు. ఏఎఫ్ అన్నది అఫ్ఘానిస్తాన్ దేశపు డొమైన్. ఎల్జీబీటీ సముదాయం కోసం పెట్టిన ఆ సర్వర్ చిరునామాని 2024 ఫిబ్రవరిలో తాలిబాన్ ప్రభుత్వం రద్దు చేసింది. అందమైన పేరు దొరికిందని డొమైన్ కొనేముందు అది ఏ దేశపుదో చూసుకోవాలని మనలో ఎంతమందికి తోస్తుంది?

ఇల్లు మారొచ్చు కదా అంటారా? మారొచ్చు, కొంతవరకు. మాస్టడాన్‌లో ఖాతా మార్చుకుంటే ఫాలోవర్లు కొత్త చిరునామాకి వాళ్ళంతట వాళ్ళే వస్తారు. మీరు ఫాలో అయ్యేవాళ్ళ జాబితాని ఫైల్‌గా తీసుకెళ్ళొచ్చు. కానీ రాసుకున్న పోస్టులు మాత్రం పాత ఇంట్లోనే ఉండిపోతాయి. పైగా ఈ ఏర్పాటు జరగాలంటే పాత సర్వర్ ఇంకా బతికుండాలి. గడువిచ్చి మూసేసిన చోట మారగలరు. అర్ధరాత్రి హార్డ్‌డిస్క్ పోయినా, డొమైన్ పోయినా, మీ చిరునామా కూడా దాంతోపాటే పోయింది. ఎందుకంటే మీ పేరు చివర ఉన్నది ఆ సర్వర్ పేరే.

దీన్ని మన ఫోన్ నంబరుతో పోల్చి చూడండి. 2011 జనవరి నుంచి దేశమంతటా నంబర్ మారకుండా కంపెనీ మారే వీలొచ్చింది. పోర్ట్ పెట్టుకున్నాం అంటాం. అంతకుముందు కంపెనీ ఎంత విసిగించినా నంబర్ కోసం భరించేవాళ్ళు. బ్యాంకుకీ, చుట్టాలకీ, గ్యాస్ వాళ్ళకీ ఇచ్చిన నంబర్ అది. ఇప్పుడు దేశంలో పెద్ద కంపెనీలు మూడో నాలుగో మిగిలాయి, అయినా మనం పోర్ట్ పెట్టుకుని పోగలమన్న సంగతి వాళ్ళకీ తెలుసు. నా దృష్టిలో అసలు కొలవాల్సింది ఇదే. పెద్ద సర్వర్‌లో ఎంతమంది ఉన్నారన్నది రెండో ప్రశ్న. అక్కడ నచ్చకపోతే ఎంత పోగొట్టుకుని బయటికి రావాలి అన్నది మొదటిది.

ఈమెయిల్ ఏమైందో చూశాంగా

అందరికంటే పాత ఫెడివర్స్ ఈమెయిలే. దాని ప్రోటోకాల్ 1982 నాటిది. ఎవరైనా మెయిల్ సర్వర్ పెట్టుకోవచ్చు, ఇప్పటికీ. 2004లో జీమెయిల్ వచ్చి ఒక జీబీ ఉచితంగా ఇస్తానంది, మిగతావాళ్ళు మెగాబైట్లలో ఇస్తున్న రోజుల్లో. జనం వెళ్ళారు. అది సహజం. తర్వాత జరిగిందే ముఖ్యం. పెద్ద సర్వర్‌కి స్పామ్ బెడద కూడా పెద్దదే కాబట్టి, ఎవరి ఉత్తరాన్ని నమ్మాలో అదే నిర్ణయించడం మొదలైంది. సొంత మెయిల్ సర్వర్ పెట్టుకున్న సీనియర్లెవరైనా మీకు తెలిస్తే అడగండి, వాళ్ళ ఉత్తరాలు ఎక్కడ తేలతాయో. స్పామ్ డబ్బాలో. 2024 ఫిబ్రవరి నుంచి గూగుల్, యాహూ కలిసి ఎక్కువ మెయిళ్ళు పంపేవాళ్ళందరికీ కొత్త ధ్రువీకరణ నియమాలు పెట్టాయి. నియమాలు మంచివే, మోసాలు తగ్గుతాయి. కానీ ప్రమాణాన్ని రాసేది ఎవరు అన్న ప్రశ్నకి జవాబు నిశ్శబ్దంగా మారిపోయింది.

గూగుల్ టాక్ కథ దీనికంటే కటువు. 2006లో అది ఎక్స్‌ఎమ్‌పీపీ అనే బహిరంగ ప్రోటోకాల్‌తో బయటి సర్వర్లతో కలిసింది. చిన్న సర్వర్లవాళ్ళు సంతోషించారు, వాళ్ళ స్నేహితులంతా గూగుల్ వైపే ఉన్నారు మరి. 2013లో గూగుల్ హ్యాంగౌట్స్‌కి మారి ఆ తలుపు మూసేసే పని మొదలుపెట్టింది. లోపల ఉన్నవాళ్ళకి తేడా తెలియలేదు. బయట మిగిలినవాళ్ళకి సగం ఊరు మాయమైంది. మెటా వాళ్ళ థ్రెడ్స్ 2023 జులైలో అయిదు రోజుల్లో పదికోట్ల మందిని చేర్చుకుని, 2024లో యాక్టివిటీపబ్‌తో కలవడం మొదలుపెట్టినప్పుడు చాలామంది అడ్మిన్లు ముందే దాన్ని బ్లాక్ చేయడం చాదస్తం అనిపించొచ్చు. వాళ్ళకి 2013 గుర్తుంది.

నా వాదనకి ఒక చిక్కు

ఇదంతా చదివి ఎవరైనా “చిన్న సర్వర్‌లో కూడా అన్నీ కనబడేలా చేస్తే జనం సమానంగా సర్దుకుంటారు” అనుకోవచ్చు. యూపీఐ ఆ ఆశ మీద నీళ్ళు చల్లుతుంది.

యూపీఐలో కిటికీ సమస్యే లేదు. ఏ యాప్ నుంచి ఏ యాప్‌కైనా, ఏ బ్యాంకుకైనా డబ్బు అదే క్షణంలో వెళ్తుంది. యాప్ మార్చితే బ్యాంకు ఖాతా పోదు, డబ్బు పోదు. అయినా లావాదేవీల్లో సుమారు 80 శాతం ఫోన్‌పే, గూగుల్ పే రెండింటి ద్వారానే. ఏ ఒక్క యాప్‌కీ 30 శాతం మించకూడదని ఎన్‌పీసీఐ 2020 నవంబరులో నియమం పెట్టింది. గడువు 2022 అన్నారు, తర్వాత 2024, తర్వాత 2026 చివరికి జరిపారు. పెళ్ళి ముహూర్తాలు కూడా ఇన్నిసార్లు వాయిదా పడవు.

కాబట్టి సాంకేతిక అడ్డంకులన్నీ తీసేసినా గుంపు కట్టడం ఆగదు. అలవాటు, ప్రకటనలు, కిరాణా కొట్టు గల్లాపెట్టె మీద అతికించిన స్టిక్కర్, “ఫోన్‌పే చెయ్యి” అని యాప్ పేరే క్రియాపదం అయిపోవడం, ఇవన్నీ ఉంటాయి. కానీ తేడా చూడండి. రేపు ఆ రెండింటిలో ఒక యాప్ ఏదైనా పిచ్చి పని చేస్తే మనం సాయంత్రానికల్లా ఇంకో యాప్‌లో ఉంటాం, మన డబ్బుతో సహా. గుంపు ఉంది, బందిఖానా లేదు. ఫెడివర్స్‌లో ఇంకా అది సగమే కుదిరింది.

బ్లూస్కై దీన్ని ఇంకోలా ప్రయత్నిస్తోంది. అక్కడ సొంత డొమైన్‌నే మీ పేరుగా పెట్టుకోవచ్చు, మీ రాతల్ని ఒక సర్వర్ నుంచి ఇంకోదానికి మార్చేలా మొదటినుంచీ కట్టారు. కాగితం మీద ఇది మాస్టడాన్ కంటే మేలు. ఆచరణలో దాదాపు అందరూ ఆ కంపెనీ సర్వర్లలోనే ఉన్నారు. వెళ్ళే దారి ఉందన్నది నిజం, ఆ దారిలో ఇప్పటిదాకా నడిచినవాళ్ళు తక్కువన్నదీ నిజం.

తెలుగు సర్వర్ పెడదామా?

మన క్లబ్ వాట్సాప్ గ్రూపులో కొన్నాళ్ళుగా నలుగుతున్న ప్రతిపాదన ఇది కాబట్టి, పై లెక్కల్ని దానికి తగిలించి చూస్తాను.

ముందు అనుకూలంగా. ప్రతి మాస్టడాన్ సర్వర్‌కీ లోకల్ టైమ్‌లైన్ అని ఒకటుంటుంది, ఆ సర్వర్‌లో ఉన్నవాళ్ళ పోస్టులు మాత్రమే అందులో కనబడతాయి. మాస్టడాన్ డాట్ సోషల్‌లో అది వరద. అందులో ఒక తెలుగు పద్యం పడితే రెప్పపాటులో కొట్టుకుపోతుంది. నలభైమంది తెలుగువాళ్ళే ఉన్న సర్వర్‌లో అదే టైమ్‌లైన్ ఒక రచ్చబండ అవుతుంది. పెద్ద సర్వర్ ఎంత డబ్బు పెట్టినా ఇవ్వలేనిది ఇది. పైన చెప్పిన 1,36,009 మంది పరిశోధనలోనే ఇంకో ఫలితం ఉంది: చిన్న సర్వర్లలో చేరినవాళ్ళే ఎక్కువ చురుగ్గా ఉన్నారు. చిన్నది చేరినందుకు చురుకు వచ్చిందో, చురుకైనవాళ్ళే చిన్నదాన్ని ఎంచుకున్నారో ఆ లెక్క చెప్పదు. నా అనుమానం రెండోదే.

వెతికి పట్టుకునే సమస్యకి తెలుగువాళ్ళు ఒకప్పుడు మంచి పరిష్కారమే కనుక్కున్నారు. బ్లాగుల రోజుల్లో రాసేవాళ్ళు బ్లాగ్‌స్పాట్‌లో కొందరు, వర్డ్‌ప్రెస్‌లో కొందరు, సొంత డొమైన్లలో ఇంకొందరు చెదిరి ఉండేవాళ్ళు. చదివేవాళ్ళు మాత్రం కూడలి, జల్లెడ, హారం, మాలిక లాంటి సంకలినులు తెరిచేవాళ్ళు. ఎవరి ఇల్లు ఎక్కడున్నా కొత్త టపా పడగానే అక్కడ కనబడేది. ఉండే చోటూ, కనబడే చోటూ వేరు చేశారన్నమాట. ఇల్లు ఊరి చివర ఉన్నా సంతకి అందరూ వస్తారు. సంకలినికి మీ పోస్టుల మీద యాజమాన్యం ఉండదు. ఒకటి మూతపడితే చదువరులు ఇంకోదానికి పోయేవాళ్ళు, రాతలు రాసినవాళ్ళ దగ్గరే ఉండేవి. మన సర్వర్ నిజంగా పెడితే, దాంతోపాటు వేరే సర్వర్లలో ఉన్న తెలుగువాళ్ళ జాబితా ఒకటి తయారుచేసి, వాళ్ళందరినీ ఫాలో అయ్యే ఒక ఖాతా మన సర్వర్‌లో ఉంచాలి. ఆ ఒక్క ఖాతాతో వాళ్ళ పోస్టులన్నీ మనకి చేరడం మొదలవుతుంది. పై లెక్కలో రెండువేలల్లో ఒకటి అన్న అంకె ఇక మనకి వర్తించదు.

ఇక ప్రతికూలంగా. కొద్ది జీబీల మెమరీ ఉన్న అద్దె సర్వర్ చాలు, నెలకి ఆ డబ్బు మనం వేసుకోగలం. బయటి బొమ్మల నిల్వ మాత్రం నెలనెలా పెరుగుతుంది, పాతవి తుడుస్తూ ఉండాలి. అంతకంటే బరువైనది మోడరేషన్. ఐటీ నియమాలు 2021 ప్రకారం ఫిర్యాదుల అధికారి ఒకరి పేరు, సంప్రదింపు వివరాలు చూపించాలి, గడువులోగా స్పందించాలి. పరీక్షల వారంలో ఎవరో ఎవరినో తిడితే ఆ పేరున్నవాడు చదువు ఆపి కూర్చోవాలి. 2023 జూన్‌లో లెమ్మీ అనే ఫెడివర్స్ వేదికలో బీహా అన్న సర్వర్‌ని నలుగురే అడ్మిన్లు నడిపేవాళ్ళు. రెడ్డిట్ నుంచి వలస వచ్చిన జనంతో కిటకిటలాడిన లెమ్మీ డాట్ వరల్డ్‌తో వాళ్ళు సంబంధం తెంచుకోవాల్సి వచ్చింది. అంత జనాన్ని చూసుకునే ఓపిక, పనిముట్లు తమ దగ్గర లేవన్నారు. నిజాయితీ గల మాట. మనకి ఇద్దరు కూడా దొరకలేదు ఇంతవరకు.

వీటన్నిటికంటే నాకు గుచ్చుకునేది వేరే. మన దగ్గర నాలుగేళ్ళకి ఒకసారి అడ్మిన్ పాసవుట్ అయిపోతాడు. కాలేజీ మెయిల్ ఐడీ ఆగిపోతుంది. డొమైన్ రెన్యువల్ గుర్తుచేసే ఉత్తరం ఆ ఆగిపోయిన ఇన్‌బాక్స్‌కే వెళ్తుంది. అప్పటికి ఆ సర్వర్‌లో మొదటి కథ రాసుకున్న జూనియర్ చిరునామా, ఫాలోవర్లు, రాతలు అన్నీ ఆ ఒక్క ఉత్తరం మీద ఆధారపడి ఉంటాయి. కాబట్టి పేరు ఏం పెడదాం, లోగో ఎవరు గీస్తారు అన్న చర్చకి ముందు మూడు సంగతులు కాగితం మీద రాసుకుని రండి: డొమైన్ ఎవరి పేరున కొంటాం, ఆ మనిషి వెళ్ళిపోతే పాస్‌వర్డ్ ఎవరికి చేరుతుంది, సభ్యుల రాతల నకలు నెలనెలా తీసి వాళ్ళ చేతికి ఎవరిస్తారు. మూడోదానికి నేను పేరిస్తాను. మొదటి రెండింటికి ఫైనలియర్ కాని వాళ్ళు కావాలి.